తెలియదని చెప్పుట

ఒకరి సొమ్ము తీసికొని పనికి పూనుకొన్నవాడు గడువు ముగిసిన పిదప వట్టిచేతులతో వచ్చి నిలిచినచో మన మతని నేమందుము? కూలివాడైనచో కూలి కోయుదుము. గుమాస్తా యైనచో మరునాడు రావలదందుము. వర్తకుడైనచో లెక్కలు చూపుమందుము. మరి విద్యార్థి యైనచో? ప్రజలు కట్టిన పన్నులనుండి వచ్చిన వేతనముతో రెండునెలలు పరిశోధనాలయమున పనిచేసి, ఇంటికి మరలివచ్చి, "నేను వెదకినది కనబడలేదు, ఎందుచేతనో నాకు తెలియదు" అని చెప్పిన బాలిక ఋణము చెల్లించినదా, ఎగవేసినదా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని మన యిండ్లలో దీనికి చెప్పుకొను సమాధానమునుబట్టియే మన బిడ్డలు సత్యమును ప్రేమించుటయో, సత్యమువలె కనబడుదానిని ప్రేమించుటయో నేర్చుకొనుచున్నారని నా నమ్మకము.

మొదట ఈ వేతన మెట్టిదో చెప్పవలెను. మన దేశమున మూడు విజ్ఞాన అకాడమీలు గలవు. అలహాబాదున 1930లో పుట్టినది ఒకటి, సర్ సి. వి. రామన్ 1934లో బెంగుళూరున నెలకొల్పినది రెండవది. 1935లో కలకత్తాలో ప్రారంభమై తరువాత ఢిల్లీకి తరలినది మూడవది. ఈ మూడును కలసి విద్యార్థులకును ఉపాధ్యాయులకును వేసవిలో రెండునెలల పరిశోధక వేతనముల నిచ్చు పద్ధతిని నడపుచు వచ్చినవి. కోరువారు తామేమి చేయదలచినదియు వ్రాసి పంపవలెను. తమ్మెఱిగిన అధ్యాపకుడు సిఫారసు చేయవలెను. ఎంపికైనవారు ఏదేని విశ్వవిద్యాలయమునందో పరిశోధనాలయమునందో ఒక శాస్త్రజ్ఞునియొద్ద పనిచేసి, తుదకు నివేదిక వ్రాసి యీయవలెను. పట్టణములందలి పెద్ద విద్యాలయములలో చదువువారికి ఇది మంచి యవకాశము. పల్లెపట్టులనుండి వచ్చు బిడ్డలకు ఇది శాస్త్రము పుట్టుచున్న చోటు నొక్కసారి కన్నులార చూచుట.

శ్రీకాకుళము జిల్లాలోని కోటబొమ్మాళినుండి అట్టి వేతనమునకు పోవు బాలిక నొకతెను మన మూహించుకొందము. రైలుమార్గమును జాతీయ రహదారియు ఆ యూరిమీదుగనే పోవుచున్నవి. శాస్త్రము మాత్రము అచ్చటికి పాఠ్యపుస్తకములోనే వచ్చును. ఆమె కళాశాలలో ప్రయోగములు చేయలేదని కాదు. లోలకము నూపి గురుత్వ త్వరణమును లెక్కకట్టినది. లవణమును నీట కరగించి అందేమున్నదో గుర్తించినది. కాని ఆ ప్రయోగము లన్నిటికిని జవాబులు ముందే అచ్చుపడి యున్నవి. లోలకమునకు 9.8 రావలెను. 9.2 వచ్చినచో మార్కులు పోవునను భయముచేత, జవాబునుండి వెనుకకు నడచి, ఊపులకు పట్టిన కాలమును దానికి సరిపోవునట్లు రికార్డు పుస్తకమున వ్రాయుట మన విద్యార్థులలో పలువురెఱిగిన విద్య. పరీక్షనాడు లవణము పేరు ఎవరో చెవిలో చెప్పిపోవుటయు మనకు క్రొత్త సంగతి కాదు. దీనిని దొంగతనమని ఎవ్వరును అనరు. "అందఱును చేయుదురు" అందురు. పదునెనిమిదేండ్ల ప్రాయమున, శాస్త్రము పేరిట, శాస్త్రపు గదిలోనే తమ బిడ్డ అబద్ధము వ్రాయుట కలవాటు పడుచున్నదని తలిదండ్రు లెఱుగరు. ఆమె తెచ్చిన మార్కులను మాత్రమే ఎఱుగుదురు.

పరిశోధనాలయమున అడుగుపెట్టిన దినమున ఆమెకు తోచు మొదటి వింత యేమనగా, అచ్చట జవాబు ఎవ్వరికిని తెలియదు. గురువునకును తెలియదు. తెలిసినచో ఆమెను పిలువనక్కఱయే లేదు. ఆమె కప్పగించిన పని చిన్నదే యనుకొందము: ఒక చెరువులో మురుగుకాలువ కలియు చోటినుండి దూరము పోయినకొలది నీటిలోని ఫాస్ఫేటు తగ్గునా? తగ్గునని ఎవరికైనను తోచును. నీటిని సీసాలలో పట్టి, ఆమ్లమును మాలిబ్డేటును చేర్చి, పిదప తగిన మఱియొక ద్రవ్యమును కలిపినచో నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటు ఎంత ఎక్కువయో రంగు అంత చిక్కన. ఆ చిక్కదనమును యంత్రముతో కొలువవలెను.

చెప్పుటకు ఇంతే. కాని మొదటి మూడు వారములు గాజుసామాను కడుగుటతోనే సరిపోవును. ఏలయనగా కొన్ని సబ్బుపొడులలోనే ఫాస్ఫేటు ఉండును. వానితో కడిగిన సీసా చెరువు సంగతి చెప్పక సబ్బు సంగతి చెప్పును. కావున ఆమ్లముతో కడిగి, శుద్ధజలముతో పలుమారులు తొలిచి, ఏమియు కలపని నీటిని ముందుగా కొలిచి, అందేమియు లేదని యంత్రము చెప్పునంతవరకు ముందునకు పోరాదు. లేనిదానిని లేదని చెప్పగల సీసాయే ఉన్నదానిని ఉన్నదని చెప్పగలదు. ఆ బాలిక ఇంటివద్ద గిన్నెలు తోమియుండును. తాను తోమిన గిన్నెను తానే నమ్మక మరల పరీక్షించుట ఇచ్చటనే నేర్చుకొనును.

పిదప కొలతలు వచ్చును. అయిదు చోట్ల తీసిన నీటిలో నాలుగు వరుసగా తగ్గుచు పోయినవి, అయిదవది పెరిగినది. మరల పట్టి కొలిచినచో అప్పుడును వరుస కుదురలేదు. కాగితముమీద చుక్కలు పెట్టి చూచినచో గీత రాదు. ఆ యొక్క చుక్కను తీసివేసినచో చక్కని గీత వచ్చును. సీసా సరిగా కడుగలేదేమో యని సర్దిచెప్పుకొనుటకు వీలును గలదు. చూచువా రెవ్వరును లేరు. నివేదికకు గడువు పది దినములే. ఇచ్చట ఆ బాలిక చేయు పనిలోనే ఆ రెండునెలల విలువయంతయు నున్నది. సీసా చెడినదని కొలిచిన నాడే పుస్తకమున వ్రాసియున్నచో ఆ చుక్కను తీసివేయవచ్చును. గీత చెడిన తరువాత వెదకి తెచ్చినది కారణము కాదు, సాకు. ఆమె చుక్క నుంచి, "దూరముతో తగ్గుట ఈ కొలతలలో స్థిరముగా కనబడలేదు. అడుగుమట్టినుండి ఫాస్ఫేటు మరల నీటిలోనికి వచ్చుచుండవచ్చును, కాని మట్టిని మేము పరీక్షింపలేదు" అని వ్రాసినదనుకొందము.

ఈ శోధన చిన్నపిల్లలకు మాత్రమే తటస్థించునదని తలపరాదు. అమెరికాలో రాబర్టు మిల్లికన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు సన్నని నూనెబిందువులను గాలిలో తేలించి విద్యుత్కణముయొక్క ఆవేశమును కొలిచి 1913లో ప్రకటించెను. పది సంవత్సరములకు ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. గాలి చిక్కదనమునకు ఆయన వాడిన సంఖ్య కొంచెము సరికానిదగుటచేత ఆయన ఫలితము నిజమైన విలువకంటె కొద్దిగా తక్కువయ్యెను. ఇందు వింత లేదు. వింత తరువాత జరిగినది. వెనుక కొలిచినవారు ఒక్కసారిగా నిజమైన విలువకు చేరక, మెల్లమెల్లగా దానివైపు జరుగుచు పోయిరని రిచర్డు ఫైన్మన్ 1974లో విద్యార్థులకు చేసిన యుపన్యాసమున ఎత్తిచూపెను. పెద్దవాని సంఖ్యకు దూరముగా వచ్చినపుడు తమ పనిలో తప్పును గట్టిగా వెదకిరి. దగ్గఱగా వచ్చినపుడు వెదకుట మానిరి. వీరెవ్వరును దొంగలు కారు; పెద్దలయందు గౌరవము గలవారు. ఆ గౌరవమే వారి కన్నులకు అడ్డుపడినది. పెద్దల మాటకు ఎదురాడరాదని బిడ్డలకు నేర్పు మన గృహములవారు దీనిని రెండుసార్లు తలపోయవలెను.

ఇక మన బాలిక యింటికి వచ్చును. మామ్మ అడుగును: "ఏటే గుంటా, రెండు నెల్లు ఉండొచ్చినావు, ఏటి కనిపెట్టినావు?" "ఏటీ లేదు మామ్మా" అనుట కంటె సత్యమైన జవాబు ఆమెయొద్ద లేదు. తండ్రి మోము చిన్నబోవును. ఆయనను తప్పుపట్టుట తగదు. ఆ రెండునెలలలో ఆమె ఉద్యోగపు పరీక్షకు శిక్షణ పొందియుండవచ్చును. ఇంటిలో తల్లికి చేదోడుగా నుండవచ్చును. ఆడపిల్లను అంతదూర మొంటరిగా పంపినందుకు చుట్టముల మాటలు పడినవాడాయన. అన్నిటికంటె బలమైన యాక్షేపణ యింకొకటి గలదు: ఆ వేతనము ఊరికే వచ్చినది కాదు. సంతలో చెప్పులు కొన్న కూలివాని పన్నుకూడ అందులో నున్నది. అతడు "నా సొమ్ముతో నీవేమి తెచ్చితివి?" అని అడిగినచో, గౌరవముగా బదులు చెప్పవలసియున్నది.

నేను చెప్పు బదులిది. ఫలమడుగు హక్కు అతనికి గలదు. తనకు నచ్చిన ఫలమునే యడుగు హక్కు ఎవ్వరికిని లేదు. వైద్యుడు మన బిడ్డ ఱొమ్మును పరీక్షించి క్షయ కనబడలేదని చెప్పినచో, రోగము దొరకలేదు గనుక రుసుము దండుగయని మన మనము. దగ్గునకు కారణమింకను తెలియకున్నను, వెదకవలసిన చోట్లలో ఒకటి తగ్గినది. చెరువు సంగతియు నిట్టిదే. ఆమె తరువాత వచ్చు విద్యార్థి నీటినే మరల కొలుచుచు కూర్చుండక మట్టిని త్రవ్వును. ఆమె చుక్కను తుడిచివేసి చక్కని గీత గీచి తెచ్చినచో, అతడు ఆ గీతను నమ్మి తన రెండునెలలను పోగొట్టుకొనును. అతని వెనుకవాడును అట్లే. అప్పుడు కూలివాని సొమ్ము నిజముగా మోసపోయినది. వట్టిచేతులతో వచ్చినది దోషి కాదు; కాకిబంగారముతో చేతులు నింపుకొని వచ్చినది దోషి.

ఆ నీలిరంగు ప్రయోగముతో మన తెలుగువాని పేరొకటి కలిసియున్నది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మామగారు సమకూర్చిన ధనముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యిచ్చిన అభయముతోను 1923లో అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేయొద్ద చేరెను. వారిరువురును కలసి శరీరద్రవములలోని ఫాస్ఫరసును నీలిరంగుచేత కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ప్రయోగశాలలలో ఆ పద్ధతి నేటికిని వారి పేరిట నిలిచియున్నది. పిదప వారు కండరముల రసమును కొలుచుచుండగా ఒక చిక్కు వచ్చినది. రంగు రావలసినంత త్వరగా రాలేదు. మెల్లగా, ఆలస్యముగా చిక్కబడుచు వచ్చెను. కొంతసేపు తాళి, రంగు పూర్తిగా వచ్చిన పిదప కొలిచి ఊరకున్నచో అడుగువారు లేరు. తమ పద్ధతికే లోపమున్నదేమో యను ప్రశ్నయు లేవకుండెడిది. వారు ఊరకుండలేదు. ఆలస్యమెందుకని వెదకిరి. కండరములో ఫాస్ఫరసు కొంత క్రియాటిన్ అను ద్రవ్యముతో కూడియున్నదనియు, ఆమ్లము తగిలినపుడు ఆ కూడిక మెల్లగా విడిపోవుచున్నదనియు తేలినది. అదియే 1927లో వారు ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు వెంటనే యక్కఱకు వచ్చు శక్తినిధి. ఇంచుమించుగా అదే కాలమున ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులును తమ దారిని దీనిని చేరుకొనిరి.

ఈ కథ చెప్పి, ప్రతి చిక్కును గొప్ప ఆవిష్కార మగునని బిడ్డల కాశపెట్టుట నా యుద్దేశము కాదు. చిక్కులలో పెక్కు సరిగా కడుగని సీసాలే. కాని ఏది సీసా చిక్కో, ఏది ప్రకృతి చెప్పిన మాటయో, చిక్కును ఉన్నదున్నట్లు వ్రాసికొన్నవానికే కాలక్రమమున తెలియును. తుడిచివేసినవానికి రెండును ఒక్కటే.

సుబ్బారావు కండరమున గుర్తించిన ఆ ద్రవ్యమునకు శ్రీకాకుళము జిల్లాతో ఒక దుఃఖకరమైన బాంధవ్యము గలదు. కండరములలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ దినదినము కొంత క్రియాటినిన్‌గా మారును. దానిని మూత్రపిండములు వడగట్టి వెలికి పంపును. మూత్రపిండములు చెడినచో అది రక్తమున పేరుకొనును. కోటబొమ్మాళికి ఈశాన్యముగా సముద్రతీరము వెంబడి కొబ్బరి, జీడి, పనసతోటలతో చల్లగా కనబడు ఉద్దానమున ఆ మాట నేడు ఇంటింట వినబడును. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో అక్షరము రానివారును తమ క్రియాటినిన్ ఎంతయో చెప్పగలరు. మధుమేహము, రక్తపుపోటు మొదలైన తెలిసిన కారణములు లేనివారికికూడ అచ్చట దశాబ్దములుగా మూత్రపిండములు చెడిపోవుచున్నవి. సింహళమున ఉత్తర మధ్య రాష్ట్రపు రైతులలోను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెఱకుతోటల కూలీలలోను ఇట్టి జబ్బే కనబడినది.

కారణమేమి? నీటిలోని సిలికా యనిరి, భారలోహము లనిరి, పురుగుమందు లనిరి, నొప్పిమాత్ర లనిరి, ఎండలో పనిచేసి తగినంత నీరు త్రాగకపోవుట యనిరి, వంశపారంపర్య మనిరి. ఒక్కొక్కదానికి కొంత ఆధారము గలదు. ఏ యొక్కటియు అందఱు నొప్పుకొనునట్లు తేలలేదు. ఎన్నో బృందములు వచ్చి రక్తమును, మూత్రమును, బావినీటిని సీసాలలో పట్టుకొనిపోయినవి. ఇచ్చట "తెలియదు" అను మాటకు వెల యేమో చూడుడు. ఇదియే కారణమని తొందరపడి చాటినవాని మాట నమ్మి ఒక గ్రామము తన బావిని విడుచును, ఇంకొక గ్రామము తన బావి మంచిదని నమ్మి నిశ్చింతగా త్రాగును. ఆ మాట తప్పైనచో దాని ఫలము అనుభవించునది చాటినవాడు కాడు. చెరువులోని చుక్కను తుడుచుట కలవాటుపడిన చేయి, రేపు ఉద్దానములోని ఒక బావిని తన పట్టికనుండి తుడువదని పూచీ యెవరు? అబద్ధపు రికార్డు చిన్నతనపు చేష్ట యని మన్నించువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఇంకొక ధర్మము గలదు. రక్తమిచ్చిన రైతు వేతనమిచ్చిన ప్రభుత్వముకంటె దగ్గఱి ఋణదాత. అతనినుండి సీసాడు రక్తము తీసికొన్నవారు మరలి పోయి, "నీ రక్తమున మే మిది వెదకితిమి, ఇది కనబడలేదు, ఇంకను తెలియదు" అని అతని అరుగుమీద కూర్చుండి చెప్పవలెను. చెప్పుటకేమియు లేదు గనుక పోలేదనుట సాకు. ఏమియు లేదనుటయు ఒక సమాచారమే. అది అతని దేహమును గూర్చిన సమాచారము గనుక అతనిదే.

అయితే "తెలియదు" అనునది సోమరులకు మంచి గొడుగని ఎవరైనను ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ న్యాయమైనది. తెలియదనుటలో మూడు విధములు గలవు. వెదకకయే తెలియదనుట మొదటిది; అది సోమరితనము. తెలిసియు, చెప్పినచో తనకు కీడగునని తెలియదనుట రెండవది. అది పిరికితనము, ఒక్కొక్కప్పుడు నేరము. ఇన్నిచోట్ల, ఈ విధముగా, ఇంత జాగ్రత్తతో వెదకితిని, ఇచ్చటివఱకు తెలిసినది, ఇచ్చటినుండి తెలియదనుట మూడవది. ఈ మూడవదే విద్య. దానికి హద్దులుండును, లెక్కలుండును, చూపుటకు పుస్తకముండును. పుస్తకము చూపలేని "తెలియదు"ను పుస్తకము చూపలేని "తెలియును"వలెనే అనుమానింపవలెను.

మఱియు తెలియకపోవుట దయను వాయిదా వేయుటకు కారణము కారాదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల యాసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. వంశధార నీటిని హిరమండలము జలాశయమునుండి శుద్ధిచేసి ఉద్దానమునకు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి. కారణము తేలినపుడు చూచుకొందమని వీనికొఱకు ఆగి యుండినచో ఎందఱో ఆగలేకపోయెడివారు. మంచినీరు ఏ కారణము నిజమైనను మంచిదే. చేయవలసినది చేయుచు, తెలియనిదానిని తెలియదని చెప్పుచు, వెదకుట మానకుండుట అనునవి మూడును ఒక్క మనుష్యునియందు, ఒక్క ప్రభుత్వమునందు కలసియుండగలవు.

చదువరులారా, ఈ గుణము పరిశోధనాలయమున రెండునెలలలో మొలకెత్తునది కాదు. అచ్చట నీరు పోయుదురు, విత్తనము మన యిండ్లలోనే పడవలెను. బిడ్డ వచ్చి ఆకాశమును గూర్చియో, ఆచారమును గూర్చియో ప్రశ్నించినపుడు, జవాబు రాని పెద్దవాడు కసరుట మన యిండ్లలో వాడుక. "నాకు తెలియదు, చూతము రమ్ము" అని తండ్రి యొక్కసారి యన్నచో అతని పెద్దఱికము తరుగదు. బిడ్డ దానిని జీవితాంతము మఱువదు. పరిశోధనకు పోయి వచ్చిన కుమార్తెను ఏమి కనిపెట్టితివని యడుగుట మానవలెనని నేననను. దానివెంట, ఎచ్చట వెదకితివి, ఎట్లు కొలిచితివి, సందేహ మెచ్చట కలిగినది యని కూడ అడుగుదము. ఆమె పుస్తకము తెచ్చి చూపును. ఆ పుస్తకమున కొట్టివేతలుండును. వాని ప్రక్కన తేదీలును కారణములు నుండును. అట్టి పుస్తకమును చదువలేకపోయినను చేతబట్టి చూచుట తలిదండ్రులకు మర్యాద.

కళాశాలల నడపు పెద్దలకు ఒక్క విన్నపము. లోలకముతో 9.2 తెచ్చిన విద్యార్థి, దారమును తప్పుగా కొలిచితినేమో, ఊపులను తక్కువ లెక్కించితినేమో యని రెండు పంక్తులు వ్రాసి, మరల కొలిచి చూపినచో, ముందుగనే 9.8 వ్రాసి తెచ్చినవానికంటె అతనికి రెండు మార్కులు ఎక్కువ వేయుడు. ఇందులకు క్రొత్త భవనము లక్కఱలేదు, క్రొత్త యంత్రము లక్కఱలేదు. ఈ సంవత్సరపు పరీక్షలనుండియే ప్రారంభింపవచ్చును.